అకౌంట్ల కంప్యూటర్‌కు క్లౌడ్ ఫోల్డర్, ఒక హార్డ్ డిస్క్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనా?

చిట్టాపద్దు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది నలుగురం కలిసి నడుపుకునే చిన్న వ్యాపారం. ఆఫీసులో మూడు కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో అకౌంట్ల సాఫ్ట్‌వేర్, దాని డేటా ఉంటాయి. మిగతా రెండూ నెట్‌వర్క్ ద్వారా ఆ డేటానే తెరిచి పనిచేస్తాయి. బిల్లులు, ఒప్పందపత్రాలు, స్కాన్ చేసిన రసీదులు అదే కంప్యూటర్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఇవి కాక మా కుటుంబం ఫొటోలు, వీడియోలు కూడా అందులోనే చేరాయి. అన్నీ కలిపితే 400 జీబీ దాకా అవుతాయి. వ్యాపారానికి సంబంధించినవి మాత్రమే లెక్కిస్తే 60 జీబీకి మించవు.

ప్రస్తుతం మా ఏర్పాటు ఇలా ఉంది. షేర్డ్ ఫోల్డర్ క్లౌడ్‌కు సింక్ అవుతుంది, కాబట్టి ఏ ఫైలు సేవ్ చేసినా కాసేపట్లో ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. అకౌంట్ల డేటా ఫోల్డర్‌ను మాలో ఒకరు ప్రతి సాయంత్రం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి, నిన్నటి కాపీ మీదే కాపీ చేస్తారు. ఆ డిస్క్ ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించే ఉంటుంది.

ఇటీవల మాకు తెలిసిన ఒక వ్యాపారి కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ ఒక్క రాత్రిలో తెరుచుకోకుండా పోయాయి. ప్రతి ఫైలు పేరు చివర ఏదో కొత్త ఎక్స్‌టెన్షన్ వచ్చి చేరింది; ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు అడుగుతూ ఒక టెక్స్ట్ ఫైలు కనిపించింది. వారి దగ్గర కూడా మాలాగే ఒక డిస్క్ తగిలించి ఉండేది. అందులోని ఫైళ్లకూ అదే గతి పట్టింది. అప్పటినుంచి మా ఏర్పాటు మీద నాకు ధైర్యం చాలడం లేదు.

క్లౌడ్‌లో ఫైళ్లు కనిపిస్తున్నాయంటే బ్యాకప్ ఉన్నట్టే లెక్కా? అకౌంట్ల సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా ఆ ఫోల్డర్‌ను కాపీ చేస్తే ఆ కాపీ పనికొస్తుందా? కొత్తగా డిస్క్ కొనవలసి వస్తే మామూలు హార్డ్ డిస్క్ మంచిదా, ఎస్ఎస్‌డీ మంచిదా? మాలో ఎవరికీ సాంకేతిక శిక్షణ లేదు కాబట్టి మేమే చేసుకోగలిగే పద్ధతి ఏదైనా ఉంటే వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

రెండోప్రతి సమాధానం:

చిట్టాపద్దు గారూ, మీరు చెప్పిన ఆ వ్యాపారికి ఏం జరిగిందో సరిగా తెలిస్తే మీ ఏర్పాటులో లోపం ఎక్కడుందో దానంతట అదే బయటపడుతుంది, కాబట్టి ముందు అది చెబుతాను.

ఫైళ్లను తెరవలేని విధంగా మార్చేసి డబ్బు అడిగే వైరస్‌లను రాన్సమ్‌వేర్ అంటారు. సాధారణంగా అది ఆ సమయంలో కంప్యూటర్‌లో లాగిన్ అయి ఉన్న మనిషికి ఉన్న అధికారాలతోనే నడుస్తుంది. అంటే ఆ మనిషి తెరిచి మార్చగలిగిన ప్రతి ఫైలునూ అది మార్చగలదు. లోపలి డిస్క్, తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్, పక్క కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్, క్లౌడ్‌కు సింక్ అయ్యే ఫోల్డర్, దాని దృష్టిలో ఇవన్నీ ఒకటే. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు, ఫైళ్లను పాడుచేయడంతో పాటు, విండోస్ అదే డిస్క్‌లో దాచి ఉంచే పాత ప్రతులను కూడా చెరిపివేయడానికి ప్రయత్నించింది. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసి ఉంది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం ఆ అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లే. ఏ కంప్యూటర్‌కూ తగిలించకుండా విడిగా ఉన్న డిస్క్‌ను మాత్రం ఇలాంటి వైరస్ ఏదీ తాకలేదు. కాబట్టి మీ డిస్క్ విషయంలో చేయవలసిన మొదటి పని, కాపీ అయిపోయిన వెంటనే దాన్ని ఊడదీసి పక్కన పెట్టడం.

ఇక క్లౌడ్ సంగతి. సింక్ చేసే పని ఇక్కడ జరిగిన మార్పును అక్కడికి చేర్చడం మాత్రమే. ఆ మార్పు మంచిదో చెడ్డదో అది చూడదు. మీరు ఫైలు తొలగిస్తే అక్కడా తొలగిస్తుంది. పాడైన ఫైలును సేవ్ చేస్తే పాడైనదాన్నే పంపుతుంది. తొలగించినవాటిని కొంతకాలం దాచిపెట్టే సదుపాయం ఉన్నమాట నిజమే. గూగుల్ డ్రైవ్‌లోనూ, వ్యక్తిగత వన్‌డ్రైవ్ ఖాతాలోనూ తొలగించిన ఫైళ్లు సాధారణంగా 30 రోజులు ఉంటాయి. మార్చిన ఫైళ్ల పాత వెర్షన్లు కూడా కొన్ని దొరుకుతాయి. పొరపాటు ఆ గడువులోపల తెలిసినప్పుడు ఇది నిజంగా ఆదుకుంటుంది.

చాలా పొరపాట్లు గడువులోపల తెలియవు. సరుకుల జాబితా ఉన్న ఒక ఎక్సెల్ ఫైలు తీసుకోండి. ఎవరో పేర్ల కాలమ్ ఒక్కటే ఎంచుకుని అక్షరక్రమంలో సర్ది సేవ్ చేశారనుకుందాం. పక్క కాలమ్‌లోని నిల్వల సంఖ్యలు కదలలేదు కాబట్టి ఒక సరుకు పేరు ఎదుట మరో సరుకు సంఖ్య నిలిచిపోయింది. ఫైలు చక్కగా తెరుచుకుంటుంది, మొత్తం కూడితే అంతకుముందు వచ్చిన మొత్తమే వస్తుంది, ఎవరికీ ఏ అనుమానమూ రాదు. ఏడాది చివర సరుకు లెక్కపెట్టినప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఆ ఫైలు వందలసార్లు సేవ్ అయి ఉంటుంది, క్లౌడ్‌లో సరైన వెర్షన్ మిగిలి ఉండదు. మీరు సాయంత్రం నిన్నటి కాపీ మీదే కాపీ చేస్తున్నారు కాబట్టి డిస్క్‌లోనూ ఉండదు. ఆ పద్ధతిలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. కాపీ సగంలో ఉండగా కరెంటు పోతే పాత కాపీ చెరిగిపోయి ఉంటుంది, కొత్తది పూర్తయి ఉండదు.

ఈ రంగంలో చాలాకాలంగా 3-2-1 అనే నియమం వాడుకలో ఉంది. దానికి ప్రాచుర్యం తెచ్చింది పీటర్ క్రో అనే ఛాయాచిత్రకారుడు. అసలుతో కలిపి 3 ప్రతులు ఉండాలి, అవి కనీసం 2 రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో 1 వేరే చోట ఉండాలి. మీకు దీన్ని ఇలా అన్వయించవచ్చు. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు తీసుకుని ఒకటి, రెండు అని చీటీలు అంటించండి. ఈ వారం ఒకటోది ఆఫీసులో, రెండోది మీ ఇంట్లో. వచ్చే వారం తారుమారు. ప్రతి కాపీకీ తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ పెట్టండి. 60 జీబీలో రోజూ మారేది చాలా కొద్దిగా ఉంటుంది కాబట్టి అకౌంట్ల డేటాను రోజూ, మిగతావాటిని వారానికొకసారి తీసినా సరిపోతుంది.

డిస్క్ ఎంపిక గురించి ఎక్కువ ఆలోచించవలసిన పని లేదు. బ్యాకప్‌కు మామూలు హార్డ్ డిస్క్ చాలు. ఎస్ఎస్‌డీ వేగంగా పనిచేస్తుంది, కింద పడినా తట్టుకుంటుంది. కానీ అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది కాబట్టి, ముఖ్యంగా బాగా వాడి అరిగినదాన్ని, కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో వదిలేయడం మంచిది కాదు. పెన్‌డ్రైవ్‌ను ఏకైక ప్రతిగా ఎప్పుడూ నమ్మకండి. ఒక్క సంగతి చూసుకోండి: డిస్క్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీకి మించిన ఫైలు అందులోకి కాపీ కాదు. విండోస్ మాత్రమే వాడేవారు ఎన్‌టీఎఫ్ఎస్ ఎంచుకుంటే ఈ ఇబ్బంది రాదు.

లెడ్జరు సమాధానం:

రెండోప్రతి గారు చెప్పినవాటితో ఏకీభవిస్తున్నాను. అకౌంట్ల డేటా గురించి మీరు అడిగిన ప్రశ్నకు విడిగా జవాబు రాస్తున్నాను, ఎందుకంటే చిన్న ఆఫీసుల్లో బ్యాకప్ ఎక్కువగా విఫలమయ్యేది అక్కడే.

సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా దాని డేటా ఫోల్డర్‌ను కాపీ చేయకండి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో అకౌంట్ల డేటా ఒక్క ఫైలులో ఉండదు. ఒకదానితో ఒకటి ముడిపడిన అనేక ఫైళ్లలో ఉంటుంది. మీరు ఒక బిల్లు సేవ్ చేసినప్పుడు బిల్లు వివరం ఒక చోట, ఖాతాదారు బాకీ మరో చోట, సరుకు నిల్వ ఇంకో చోట మారతాయి. కాపీ జరుగుతున్న సమయంలోనే పక్క కంప్యూటర్‌లో ఎవరైనా బిల్లు వేస్తే, మొదటి ఫైలు బిల్లు వేయకముందు స్థితిలోనూ చివరి ఫైలు బిల్లు వేసిన తర్వాతి స్థితిలోనూ కాపీ అవుతాయి. అలాంటి ప్రతి తెరుచుకోకపోవచ్చు. అంతకంటే ప్రమాదం, తెరుచుకుని తప్పు లెక్క చూపించవచ్చు. ఇదే కారణంగా, సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు స్పష్టంగా అనుమతిస్తే తప్ప, నడుస్తున్న డేటా ఫోల్డర్‌ను క్లౌడ్ సింక్‌లో పెట్టడం కూడా మానుకోవాలి. మీరు సింక్ చేస్తున్న ఫోల్డర్‌లో అకౌంట్ల డేటా లేదని ఒకసారి చూసుకోండి.

చేయవలసిన పద్ధతి సులభమే. దాదాపు ప్రతి అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లోనూ బ్యాకప్ తీసే అంశం మెనూలోనే ఉంటుంది. సాయంత్రం మిగతా రెండు కంప్యూటర్లలో దాన్ని మూసివేయించి, ఆ అంశంతోనే బ్యాకప్ ఫైలు తయారుచేయండి. పేరులో తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. ఆ ఫైలు మారదు కాబట్టి దాన్ని డిస్క్‌లోకీ క్లౌడ్‌లోకీ నిశ్చింతగా పంపవచ్చు. చాలా సాఫ్ట్‌వేర్‌లు బ్యాకప్‌ను తాము ఇన్‌స్టాల్ అయిన డ్రైవ్‌లోనే దాస్తాయి, కాబట్టి ఎక్కడికి వెళుతోందో చూసి మరీ తీయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. తిరిగి తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ కింద లెక్కపెట్టకండి. ఈ పనే వృత్తిగా ఉన్నవారికి కూడా ఇది జరిగింది. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను ఆన్‌లైన్‌లో భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న సర్వర్‌లోనే డేటాను తొలగించారు. వారికి ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి. అవసరం వచ్చేసరికి వాటిలో ఏదీ నమ్మదగిన స్థితిలో లేదు. రోజూ తీయవలసిన డేటాబేస్ ప్రతి, వెర్షన్ల పొంతన కుదరక విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పవలసిన ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. మరో పని కోసం ఆరు గంటల ముందు ఒక ఇంజినీరు తీసిన ప్రతి ఉండబట్టి, నష్టం సుమారు ఆరు గంటల డేటాతో ఆగింది. ఆ వివరాలన్నిటినీ ఆ సంస్థే బహిరంగంగా ప్రకటించింది.

మీరు పరీక్షించే విధానం చెబుతాను. ఆఫీసు పనిలో లేని ఒక ల్యాప్‌టాప్ తీసుకోండి. అందులో అదే సాఫ్ట్‌వేర్‌ను అదే వెర్షన్‌లో ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత వైఫై ఆపేయండి, కేబుల్ ఉంటే ఊడదీయండి. లేకపోతే అది నెట్‌వర్క్‌లోని అసలు డేటానే తెరిచి చూపించవచ్చు, మీరు దాన్ని బ్యాకప్ అనుకుంటారు. డిస్క్ తగిలించి బ్యాకప్ ఫైలును రిస్టోర్ చేయండి. ఆఫీసు కంప్యూటర్‌లో బ్యాకప్ తీసిన సమయానికే ట్రయల్ బ్యాలెన్స్‌ను (అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వల పట్టికను) కాగితం మీద ప్రింటు తీసి ఉంచుకుంటే, ఇప్పుడు రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. చివరి బిల్లు నంబరు అదేనా, రెండు వైపులా మొత్తాలు సరిపోయాయా, చాలాకాలంగా లావాదేవీ లేని ఒక ఖాతాదారు బాకీ సరిగా వచ్చిందా, గత సంవత్సరం లెక్కలు తెరుచుకుంటున్నాయా, ఇవి చూడండి. పాత ఖాతాను చూడమన్నది ఊరికే కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ప్రతి సంవత్సరం డేటా వేరే ఫోల్డర్‌లో ఉంటుంది, బ్యాకప్‌లో నడుస్తున్న సంవత్సరం మాత్రమే టిక్ పెట్టి ఉంటుంది.

తెరచాప సమాధానం:

రెండోప్రతి గారి పద్ధతిలో తప్పు లేదు కానీ, మనిషి జ్ఞాపకం మీదే మొత్తం భారం వేయడం నాకు సమ్మతం కాదు. వారం వారం డిస్కులు మార్చే పని మొదట్లో బాగానే సాగుతుంది. రద్దీగా ఉన్న నెలలోనో, ఆ పని చూసే మనిషి సెలవు పెట్టినప్పుడో అది తప్పుతుంది. కంప్యూటర్ పాడవడానికి మంచి రోజూ చెడ్డ రోజూ ఉండవు కాబట్టి, రోజువారీ ప్రతి ఎవరూ ముట్టుకోకుండా తయారవ్వాలి, చేత్తో తీసే డిస్క్ దానికి తోడుగా ఉండాలి అన్నది నా అభిప్రాయం.

విండోస్‌లో దీనికి ఫైల్ హిస్టరీ అనే సదుపాయం ఉంది. ఇది విండోస్ 8తో వచ్చింది, ఇప్పటికీ కంట్రోల్ ప్యానెల్‌లో దొరుకుతుంది. మీరు మార్చకపోతే గంటకొకసారి, మారిన ఫైళ్ల ప్రతులను విడిగా దాస్తుంది. అందువల్ల రెండోప్రతి గారు చెప్పిన సరుకుల జాబితా లాంటి ఫైలును డిస్క్‌లో స్థలం ఉన్నంతవరకు పాత తేదీలకు వెనక్కి తీసుకెళ్లవచ్చు. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి వాటినే ఇది చూస్తుంది కాబట్టి, డీ డ్రైవ్‌లో సొంతంగా చేసుకున్న ఫోల్డర్ ఉంటే దాన్ని లైబ్రరీలో చేర్చాలి. మ్యాక్ వాడేవారికి 2007 నుంచి టైమ్ మెషీన్ ఉంది. దానికి రెండు డిస్కులు చూపిస్తే వాటి మధ్య అదే మార్చుకుంటూ రాస్తుంది. విండోస్ 11లో విండోస్ బ్యాకప్ అనే పేరుతో కనిపించేది ప్రధానంగా ఫైళ్లను వన్‌డ్రైవ్‌కు పంపేదే. అందులో ఉచితంగా వచ్చేది 5 జీబీ మాత్రమే కాబట్టి ఆ పేరు చూసి ధీమా పడకండి.

క్లౌడ్‌ను నేను వద్దనను. సింక్ కాకుండా బ్యాకప్ కోసమే ఉన్న సేవ తీసుకుంటే, పాత వెర్షన్లు ఎన్నాళ్లు ఉంచాలో మీరే నిర్ణయించవచ్చు. ఆఫీసులో అగ్నిప్రమాదం జరిగినా, దొంగతనం జరిగినా మిగిలేది అదే. అప్‌లోడ్ వేగం లెక్క వేసుకుని మొదలుపెట్టండి. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో 60 జీబీ చేరడానికి 13 గంటల పైచిలుకు పడుతుంది, 400 జీబీకైతే దాదాపు నాలుగు రోజులు నిర్విరామంగా నడవాలి. మొదటిసారి వ్యాపారానికి సంబంధించిన ఫోల్డర్లు మాత్రమే పంపి, ఫొటోలను తర్వాత రాత్రిపూట పంపించండి. ఆ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోనులోని కోడ్ కూడా అడిగే పద్ధతి, తప్పక పెట్టండి. ఫోను పోయినప్పుడు వాడుకునే కోడ్‌లను కాగితం మీద ప్రింటు తీసి ఉంచండి.

ఆటోమేటిక్ కాపీ కోసం కొందరు విండోస్‌తో వచ్చే రోబోకాపీ అనే కాపీ ఆదేశాన్ని వాడమని సలహా ఇస్తారు. అది మంచి సాధనమే. అయితే దానికి ఎంఐఆర్ అనే ఆప్షన్ జోడిస్తే, అసలు ఫోల్డర్‌లో లేని ఫైళ్లను బ్యాకప్‌లోనుంచి కూడా తొలగిస్తుంది. ఎవరైనా అసలు ఫోల్డర్‌ను ఖాళీ చేసిన రాత్రి అది నడిచిందంటే బ్యాకప్ కూడా ఖాళీ అవుతుంది. సోర్స్, డెస్టినేషన్ తారుమారుగా రాసినా అంతే. శిక్షణ లేనివారు దాని జోలికి పోకపోవడమే క్షేమం. రెండు డిస్కులు ఒకే పెట్టెలో పెట్టి ఒకేసారి రాసే రెయిడ్ పరికరాలను కూడా కొందరు బ్యాకప్ పేరుతో అమ్ముతారు. ఒక డిస్క్ పాడైతే పని ఆగకుండా చూడటం వరకే వాటి ఉపయోగం. తొలగించిన ఫైలు రెండింటిలోనూ ఒకే క్షణంలో పోతుంది.

మరొకటి, రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా వాడకండి. మామూలు యూజర్ ఖాతాలో పనిచేస్తే, వైరస్ వచ్చినా విండోస్ దాచిన పాత ప్రతులను చెరపడానికి దానికి అనుమతి సులభంగా దొరకదు. మీ కంప్యూటర్లలో ఇంకా విండోస్ 10 ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని గుర్తుంచుకోండి. అకౌంట్లు ఉన్న కంప్యూటర్‌ను ముందుగా మార్చుకోవడం మంచిది.

చిట్టాపద్దు:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. రెండు డిస్కులు ఏర్పాటు చేసుకున్నాము, ఫైల్ హిస్టరీ కూడా నడుస్తోంది. లెడ్జరు గారు చెప్పినట్టే విడి ల్యాప్‌టాప్‌లో అకౌంట్ల బ్యాకప్‌ను తెరిచి చూశాము. ట్రయల్ బ్యాలెన్స్, చివరి బిల్లు నంబరు, పాత బాకీలు అన్నీ సరిపోయాయి. కానీ బిల్లు ప్రింటు తీస్తే మా లోగో, మేము దిద్దుకున్న నమూనా రాలేదు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సాదా నమూనాలోనే వచ్చింది. అవి ఎక్కడ ఉంటాయి? ఇంకొక సందేహం. ఒక డిస్క్ ఇంటికి తీసుకువెళుతున్నాము కాబట్టి, దారిలో పోతే అందులోని ఖాతాదారుల వివరాలు ఎవరి చేతికైనా చిక్కవచ్చు. డిస్క్‌కు పాస్‌వర్డ్ పెట్టడం మంచిదేనా, లేక దానివల్ల మాకే ఇబ్బంది అవుతుందా?

లెడ్జరు:

ఆ పరీక్ష చేసినందుకు సంతోషం. కంప్యూటర్ పోయిన రోజున తెలియవలసిన లోటు ఇప్పుడే తెలిసింది. బిల్లు నమూనాలు, యూజర్ సెట్టింగులు చాలా సాఫ్ట్‌వేర్‌లలో డేటాతో పాటు ఉండవు. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్‌లోనో, యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపలి యాప్‌డేటాలోనో ఉంటాయి. ఆ రెండూ మామూలుగా కనిపించవు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో నమూనా ఫైలు ఉన్న చోటు రాసి ఉంటే వెతకవలసిన పని కూడా లేదు. ఆ ఫోల్డర్‌ను, లోగో బొమ్మను, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ఫైలును, లైసెన్సు నంబరును ఒకే ఫోల్డర్‌లో చేర్చి రెండు డిస్కులలోనూ పెట్టండి. నమూనా మార్చినప్పుడల్లా మళ్లీ కాపీ చేస్తే చాలు, రోజూ అవసరం లేదు. ఆ తర్వాత అదే ల్యాప్‌టాప్‌లో ఒక బిల్లు మళ్లీ ప్రింటు తీసి చూడండి.

రెండోప్రతి:

బయటికి వెళ్లే డిస్క్‌కు పాస్‌వర్డ్ తప్పక పెట్టండి. అందులో ఉన్నది మీ సమాచారం ఒక్కటే కాదు, మిమ్మల్ని నమ్మి వివరాలు ఇచ్చిన ఖాతాదారులది కూడా. విండోస్ ప్రో ఉన్న కంప్యూటర్‌లో ఆ డిస్క్ మీద రైట్ క్లిక్ చేస్తే బిట్‌లాకర్ ఆన్ చేసే అంశం కనిపిస్తుంది. అలా తాళం వేసిన డిస్క్‌ను హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లోనూ పాస్‌వర్డ్ ఇచ్చి తెరవవచ్చు, హోమ్‌లో కొత్తగా తాళం వేయడం మాత్రం కుదరదు. ప్రో లేకపోతే వెరాక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

తాళం వేసేటప్పుడు విండోస్ 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. పాస్‌వర్డ్ మరచిపోతే డిస్క్ తెరుచుకునేది దానితోనే. అదీ లేకపోతే లోపలి సమాచారాన్ని ఎవరూ బయటికి తీయలేరు. ఆ కీని ఆఫీసు కంప్యూటర్‌లోనే టెక్స్ట్ ఫైలుగా దాచితే, బీరువా తాళంచెవిని బీరువాలో పెట్టి మూసినట్టే. కాగితం మీద రెండు ప్రతులు ప్రింటు తీసి, ఒకటి ఇంట్లో, ఒకటి ఆఫీసులో పెట్టండి. ఏ డిస్క్‌కు చెందిన కీనో ఆ కాగితం మీద రాయండి, ఎందుకంటే రెండు డిస్కులకు రెండు వేర్వేరు కీలు వస్తాయి. ఆ కాగితం, ఆ డిస్క్ ఒకే సంచిలో ప్రయాణం చేయకూడదు.

ఈ సందర్భంలోనే మీ మూడు కంప్యూటర్ల లోపలి డిస్కులను కూడా చూసుకోండి. ఇటీవల వచ్చిన విండోస్ కంప్యూటర్లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లాగిన్ అయినప్పుడు, లోపలి డిస్క్‌కు దానంతట అదే తాళం పడి, కీ ఆ ఖాతాలో నిలవ ఉండే అవకాశం ఉంది. మదర్‌బోర్డు పాడై డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించినప్పుడు మొదట అడిగేది ఆ 48 అంకెలనే. చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్ కొన్న రోజున ఎవరో ఒక ఉద్యోగి తన సొంత ఖాతాతో లాగిన్ అయి ఉంటారు. వారు పని మానేసి వెళ్లిపోయాక ఆ కీ వారి ఖాతాలోనే మిగిలిపోతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ప్రో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ పేజీ తెరవండి. ఆన్‌లో ఉంటే, ఎవరి ఖాతాలో ఉందో కనుక్కుని, వారు అందుబాటులో ఉండగానే ప్రతి కంప్యూటర్ కీనీ ప్రింటు తీసి డిస్కుల కీలతో పాటు దాచండి.